పిట్ట ముట్టని పూట

కొడుకు పరుగు చూడటానికి చిలుకమ్మ స్టేడియం గోడ ఎక్కిన సంగతిని కాశిబుగ్గలో ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతారు. హనుమకొండలో మిలిటరీ భర్తీ జరుగుతున్న రోజులవి. తల్లిదండ్రులను లోపలికి రానివ్వరని గేటు దగ్గర పోలీసు చెప్పాడు. చిలుకమ్మ వాదించలేదు. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకొని, పక్కనే ఉన్న చెరుకురసం బండి మీద కాలు పెట్టి, బండివాడు "అమ్మా, అమ్మా" అంటుండగానే గోడ మీదికి చేరింది. లోపల దుమ్ము లేపుకుంటూ పిల్లలు గుంపుగా పరుగెత్తుతున్నారు.

"ఉపేందరూ! మోచేతులు దగ్గెర వెట్టుకోరా! ఎనుకకు సూడకు!"

ఆ అరుపుకు మైదానంలో ఉన్న ఆఫీసరు కూడా మెడ తిప్పి చూశాడు. ఉపేందర్ మాత్రం వెనక్కి చూడలేదు. మొదటి గుంపులోనే గీత దాటాడు. ఎక్కిన గోడ దిగాల్సి వచ్చేసరికి చిలుకమ్మకు భయం పట్టుకుంది. చివరికి ఆ గేటు పోలీసే చేయి అందించి దించాడు.

"నా కొడుకు గెలిచిండు సారూ. ఇగ నన్ను జైల్ల ఏసినా మంచిదే" అందామె.

ఆమె పుట్టింది నర్సంపేట దగ్గరి పల్లెలో. పెళ్ళయి కాశిబుగ్గకు వచ్చిన వారానికే మగ్గం మీద కూర్చుంది. జంపఖానా మగ్గం చాలా వెడల్పు, ఒక్కరితో కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చొని, ఒకరి చేతిలోంచి ఒకరు నూలు అందుకుంటూ నేయాలి. మొగుడు గుండయ్య నిదానస్తుడు. చిలుకమ్మ ఒక్క క్షణం ఆగలేని మనిషి. "నేత్తానవా, కునుకు తీత్తానవా?" అని ఆమె. "జంపఖానా ఏడికి పోతదే, రైలెక్కి పోతదా?" అని ఆయన. ఆ మాటల మధ్యనే ఎన్నో జంపఖానాలు మగ్గం దిగాయి, ఇద్దరు పిల్లలు పెరిగారు. వీధిలో ఎవరికి నొప్పులొచ్చినా, కరెంటు తీగ తెగిపడినా, ఇండియా మ్యాచు చివరి ఓవరుకు వచ్చినా చిలుకమ్మ మగ్గం వదిలి వాకిట్లో ఉండేది. ఊపిరితిత్తుల జబ్బుతో గుండయ్య పోయాక, ఆయన కూర్చునే చోట ఉపేందర్ కూర్చున్నాడు. అప్పటికి ఇంటర్ చదువుతున్నాడు. తండ్రి నిదానం, తల్లి పంతం రెండూ కలిసి వచ్చిన పిల్లవాడు. పొద్దున కోట దిక్కు రోడ్డు మీద పరుగు, పగలు కాలేజీ, సాయంత్రం మగ్గం.

ఉద్యోగం వచ్చి, శిక్షణ ముగించుకొని, ఉత్తరాదిన ఒక సైనిక స్థావరంలో చేరాడు. ఏడాది తిరగకముందే వాడు చనిపోయాడని ఫోన్ వచ్చింది.

మధ్యాహ్నం వేళ. మగ్గం మీద ఆమె పక్కన ఎదురింటి సుగుణ ఉంది. ఫోన్‌లో మాట్లాడింది సుబేదార్ అప్పలనాయుడు. శ్రీకాకుళం మనిషి కావటాన ఆ కబురు తెలుగులో చెప్పే పని ఆయన మీద పడింది. డ్యూటీలో తుపాకి శుభ్రం చేసుకుంటుంటే పొరపాటున పేలిందనీ, గుండె దగ్గర తగిలిందనీ చెప్పాడు. చిలుకమ్మ అంతా విన్నది.

"ఎవలి తుపాకి సారూ?"

"అతనిదేనమ్మా."

"పేల్చిందెవలు?"

"ఎవరూ కాదమ్మా. దానంతట అదే పేలిపోయింది."

"దానంతట అది పేలుడేంది బిడ్డా? అదేమన్న ప్రెషర్ కుక్కరా?"

ఆ మాట అనేశాకే ఆమెకు ఏడుపు వచ్చింది. మగ్గం గుంతలోంచి లేవలేకపోతే సుగుణ చంకల కింద చేతులు వేసి పైకి లాగింది.

సైనిక వాహనంలో పెట్టె వచ్చిన రోజు కాశిబుగ్గ మొత్తం రోడ్డు మీదే ఉంది. పెట్టెకు తోడుగా మహిపాల్ వచ్చాడు. ఉపేందర్ ఈడువాడే, నర్సంపేట దిక్కు రైతు కొడుకు. అదే స్థావరంలో, అదే బ్యారక్‌లో ఉండేవాడు. "మనూరోడే అమ్మా, మంచోడు" అని ఉపేందర్ ఫోన్‌లో ఎన్నోసార్లు అతని పేరు చెప్పాడు. దహనం అయిపోయింది. మూడో రోజు చితి దగ్గర పిట్టకు కూడు పెట్టే దాకా ఉండి, సాయంత్రం రైలుకు మహిపాల్ తిరిగి వెళ్ళిపోవాలి.

చిలుకమ్మ ఏడుస్తూనే ఉంది, కానీ ఆ ఏడుపులోనూ ఆమె కళ్ళు మహిపాల్‌ను వదల్లేదు. అతను ఆ ఇంట్లో ముద్ద ముట్టలేదు. సుగుణ అన్నం పెడితే "ఆకలైతలేదక్కా" అన్నాడు. ఉపేందర్ చెల్లెలు దీప ఉప్మా తెచ్చి ఇస్తే, పళ్ళెం అరుగు మీద పెట్టి లేచిపోయాడు. సెంటరులో మాత్రం బిస్కెట్లు ముంచుకొని చాయ తాగుతున్నాడని హోటలాయన వచ్చి చెప్పాడు. చిలుకమ్మ ఎదురుపడితే తల దించుకుంటాడు.

ఆమె పుట్టిన పల్లెలో ఒక నమ్మకం ఉండేది. చంపినవాడికి చచ్చినవాడి ఇంటి ఉప్పు గొంతు దిగదని. ఒకప్పుడు పొలం గట్టు తగాదాలో ఒకడిని ఎవరో చంపితే, దినాల నాడు విస్తరి ముందు నుంచి లేచిపోయిన దాయాది పాలివాణ్నే ఊరంతా పట్టుకున్నదని నానమ్మ కథగా చెప్పేది. రెండో రోజు పొద్దు వాలేసరికి చిలుకమ్మ మనసులో అనుమానం కాస్తా నిశ్చయమైపోయింది. ఇంటి వెనుక నీళ్ళ డ్రమ్ము దగ్గర మరిది కట్టయ్యను పట్టుకుంది. కట్టయ్య ఆటో నడుపుతాడు.

"కట్టయ్యా, మనోన్ని జంపింది గీ పిలగాడే."

"వదినా, దుఃఖంల ఏదేదో అంటానవ్. తుపాకి పేలిందని సార్లు జెప్పిరి గదా."

"ఒక్క మెతుకు ముట్టిండా మనింట్ల?"

"జరమొచ్చిందేమో."

"జరమొచ్చినోడు సెంటర్ల బిస్కిట్లు ఎట్ల తింటాండు?"

 కట్టయ్య చొక్కా చేతులు మడవడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడే బొక్కలిరగ్గొడ్త. పోలీసులకు పట్టిస్త."

"ఏమని పట్టిస్తవ్? ఉప్మా తినలేదనా?"

"మరేం జేద్దామంటవ్?"

"రేపు పిట్ట కాడికి రానీ. నా కొడుకు ముంగట నిలవెట్టి అడుగుత. రైలెక్కిండంటే ఇగ మనకు దొరుకడు. ముందే పోతనంటే నీ ఆటో ఖరాబైందని జెప్పు."

"వరంగల్ల నాదొక్కటే ఆటోనా వదినా?"

"అందరికి జెప్పు. స్టాండుకు లీడరువని తిరుగుతవ్ గదా!"

కట్టయ్య లీడరు కాదు. నలుగురికి చాయ తాగించే అలవాటు వల్ల అట్లా పేరొచ్చింది. అయినా వదిన ఆ మాట అన్నాక కాదనలేక, అప్పటికప్పుడు స్టాండంతా తిరిగి అందరి చెవిలో వేసి వచ్చాడు.

ఆమె అనుకున్నట్టే అయింది. తెల్లవారి మహిపాల్ బ్యాగు భుజానికి వేసుకొని బయటికొచ్చాడు.

"కాజీపేటల జర పని ఉన్నదమ్మా. ముందే పోత."

"పిట్టకు వెట్టకముందే పోతవా బిడ్డా?"

తన ఆటో ఖరాబైందని కట్టయ్య అడక్కముందే చెప్పేశాడు. మహిపాల్ వీధి మలుపు దాకా పోయి మొదటి ఆటోను ఆపాడు. "కిరాయి ఉన్నది తమ్మీ" అన్నాడు డ్రైవరు. రెండోవాడు గ్యాసు అయిపోయిందన్నాడు. మూడోవాడు "గేరు వడ్తలేదన్నా, మూడొద్దులసంది తిప్పలవడ్తాన" అని, చెప్పింది తానే మరిచి, గేరు వేసుకొని జామ్మని వెళ్ళిపోయాడు. మహిపాల్ బ్యాగుతో సహా తిరిగి వచ్చాడు. వాకిట్లో నిలబడి చిలుకమ్మ ఇదంతా చూసింది. పారిపోబోయాడు. పారిపోలేకపోయాడు. ఇక ఒక్క పూట. ఈ పూట వాడి నోటి నుంచి మాట రాకపోతే, కొడుకు తన తుపాకికి తానే చచ్చిన తెలివితక్కువవాడిగా మిగిలిపోతాడు.

ఎండ ముదరకముందే చెరువు పక్కన ఉన్న వైకుంఠధామానికి చేరారు. చితి పెట్టిన చోట నీళ్ళు చల్లి, మోదుగ విస్తరిలో ఉపేందర్‌కు ఇష్టమైనవన్నీ వడ్డించారు. సర్వపిండి, తలకాయ కూర, కోడిగుడ్డు, సెంటరులోని మిర్చి బజ్జీలు, పక్కన థమ్సప్ సీసా. అందరూ దూరంగా జరిగి నిలబడ్డారు. పిట్ట వచ్చి ముట్టుకుంటే పోయినవాడి మనసు నిమ్మళించినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అదేమిటో కనుక్కొని, తీరుస్తామని మాట ఇవ్వాలి.

చాలాసేపటికి కరెంటు తీగ మీదికి రెండు కాకులు వచ్చాయి. ఒకటి దిగింది. గుంపంతా ఊపిరి బిగబట్టింది. కాకి విస్తరి చుట్టూ తిరిగి, సీసా మూతను మెడ వంచి చూసి, తిరిగి తీగ మీదికి ఎగిరింది.

"అయ్యో! మాటియ్యిండ్లి, మాటియ్యిండ్లి" అని సుగుణ తొందరపెట్టింది.

కట్టయ్య ముందుకొచ్చాడు. "బిడ్డా ఉపేందరూ, దీపను నర్సింగు నేను చదివిపిస్త. తిను బిడ్డా."

కాకి కదల్లేదు.

"అన్నా, నీ బండి ఎవ్వలకు అమ్మం. నేనే నేర్చుకుంట" అంది దీప.

కాకి దిగింది. రెండు గెంతులు వేసింది. "ఆఁ, ఆఁ, గదే, గదే!" అని ఎవరో అన్నారు. అంతలోనే ఎగిరిపోయింది.

ఉపేందర్‌తో క్రికెట్ ఆడిన హరికృష్ణ గొంతు సవరించుకున్నాడు. "రేయ్, నీ బ్యాటు నా దగ్గర్నే ఉన్నదిరా. పోయిందని అబద్ధమాడిన. ఇయ్యాల్నే మీ ఇంట్ల ఇచ్చేస్త."

"ఓరి నీ! ఆ బ్యాటు కోసం ఊరంతా దేవులాడిచ్చినవ్ గదరా!" అని వెనక నుంచి ఇంకొకడు. ఏడుస్తున్నవాళ్ళు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కాకులు మాత్రం తీగ దిగలేదు. ఒకటి రెక్క కింద ముక్కుతో గోక్కుంటోంది.

చిలుకమ్మ గుంపులోంచి బయటికి వచ్చి, విస్తరికీ జనానికీ మధ్య నిలబడింది.

"ఉపేందరూ! నీకేం గావాల్నో నాకెరుకే కొడుకా. గది నేనియ్యలేను. మీ చిన్నాయిన ఇయ్యలేడు. ఇచ్చేటోడు గీడనే నిలవడ్డడు." ఆమె గిరుక్కున తిరిగి మహిపాల్‌కు వేలు చూపింది. "నువ్వియ్యిరా మాట. నా కొడుకును ఎందుకు జంపినవో గా పిట్టకు జెప్పు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైన మరుక్షణం జనం మహిపాల్ చుట్టూ వలయంలా మూసుకుపోయారు. అతని మొహం తెల్లబోయింది.

"నేను జంపలే అమ్మా."

"మరి మా బువ్వెందుకు ముట్టలే? పొద్దుగాల్నే ఎందుకు ఉరుకవోయినవ్?"

"నేను జంపలే. మా అవ్వ మీద ఒట్టు." అతను చితి దిక్కు చూశాడు. "నేను... సూసిన."

"ఏం సూసినవ్?"

మహిపాల్ మట్టిలో కూలబడ్డాడు. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. అక్కడి హవల్దారు ఒకడు తాగి మెస్సులో ముసలి వంటాయనను తన్నాడట. అందరూ చూస్తూ ఊరుకున్నారు. ఉపేందర్ మాత్రం లేచి వాడి చేయి పట్టుకున్నాడు. కొట్టలేదు, పట్టుకొని "బస్, సాబ్" అన్నాడు, అంతే. అందరి ముందు చేయి పట్టుకోవడం హవల్దారుకు తల తీసేసినట్టయింది. మరునాడు మధ్యాహ్నం ఉపేందర్ బండ్ల షెడ్డు దగ్గర కాపలా ఉన్నాడు. వాడి తర్వాత కాపలా మహిపాల్‌ది. డ్యూటీ మారడానికి వస్తూ, నీళ్ళ ట్యాంకరు దగ్గర నుంచి చూశాడు.

"హవల్దారు దబాయిస్తాండు. మనోడు గమ్మున నిలవడ్డడు. వాడు మనోని తుపాకి గుంజుకున్నడు. నేను 'సాబ్!' అని ఒర్లిన. అప్పటికే పేలింది."

"మరి తుడుస్తుంటే పేలిందని చెప్పిందెవడు?" అని కట్టయ్య అరిచాడు.

"నేనే. హవల్దారు నాతోనే చెప్పిచ్చిండు కాకా. అబద్ధం జెప్పిన నోరుతోని ఈ అమ్మ వెట్టిన బువ్వ ఎట్ల తినాలె?"

చిలుకమ్మ చాచి చెంప మీద కొట్టింది. చెరువు అవతలికి వినపడేంత దెబ్బ. కొట్టి, అతని చొక్కా పట్టుకుంది.

"సూసి, నా ముంగట్నే ఇన్ని పూటలు కూసున్నవా? తియ్యి ఫోను. నాకు జెప్పింది గా సారుకు జెప్పు."

"జెప్పలేనమ్మా. ఆడ ఉన్నది మేం ముగ్గురమే. నోరు దెరిస్తే నేనే కాల్చిన్నని జెప్తనన్నడు వాడు. ఎవలు నమ్ముతరు నన్ను? నువ్వే గట్లన్నవ్ గదా ఇప్పుడు!"

చిలుకమ్మ చేయి చొక్కా మీదే ఉంది, పట్టు మాత్రం వదులైంది.  నిన్నటి నుంచి తాను తిప్పుతున్న మాట, ఆ హవల్దారు బెదిరింపు, రెండూ ఒకటే. నానమ్మ కథలో పాలివాడు నిజంగానే చంపాడా, లేక ఏదో చూసి మింగలేకపోయాడా? అది ఎవరూ అడగలేదు.

"నేను తప్పన్న," అందామె. పది మందికీ వినపడేట్టు మళ్ళీ అంది. "అందరి ముంగట అన్న గదా, అందరి ముంగటనే చెప్తాన. ఈ పిలగాడు జంపలే. నేను తప్పన్న." తర్వాత మోకాళ్ళ మీద కూర్చొని అతని మొహంలోకి చూసింది. "వాడు నిన్ను ఒంటిగాన్ని జేసి బెదిరిచ్చిండు బిడ్డా. ఇప్పుడు నువ్వు ఒంటిగానివా? సూడు సుట్టూత. కాశిబుగ్గ ఉన్నది నీ ఎనుక. కొట్టు ఫోను."

మహిపాల్ చుట్టూ చూశాడు. హరికృష్ణ అప్పటికే తన ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. మహిపాల్ నంబరు నొక్కి, స్పీకరు పెట్టాడు. అవతల సుబేదార్ అప్పలనాయుడు.

"సార్, ఉపేందర్ గన్ను తుడుస్తలేడు సార్. నేను తప్పు స్టేట్మెంటిచ్చిన. హవల్దార్ సాబ్ కాల్చిండు. నేను సూసిన."

 అవతల నుంచి, "ఏటంటన్నావు నువ్వు? ఎక్కడున్నావు?"

"వైకుంఠధామంల సార్. ఉపేందర్ దగ్గర."

"ఇలాటి మాటలు ఫోన్లో వద్దు. ముందు రైలెక్కి వచ్చేయ్. ఇక్కడ మాట్లాడదాం."

చిలుకమ్మ ఫోన్ లాక్కుంది. "సారూ, మొన్న నాకు చావు కబురు ఫోన్లనే చెప్పినవ్ గదా. అప్పుడు వద్దనలేదేంది? ఇదీ ఫోన్లనే ఇను. ఈడ వందమంది ఇన్నరు. రైలు తర్వాత ఎక్కుతడు. ముందుగాల పోలీస్ స్టేషన్ల రాసిచ్చి పోతడు. వాని మీద ఈగ వాలినా నేనే వచ్చి నీ గేటు కాడ కూసుంట. నాకు గోడలెక్కుడు కూడ వచ్చు."

అవతలాయన ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "సరేనమ్మా. రాసిమ్మనండి. ఆ కాగితం పైకి చేరేలా నేను చూస్తాను. నాదీ ఒక కొడుకున్న ఇల్లేనమ్మా."

అప్పుడే దీప కేక వేసింది. "అమ్మా! పిట్ట!"

అందరూ తిరిగి చూశారు. విస్తరి చెదిరి ఉంది. సర్వపిండి లేదు. తీగ మీద కాకులూ లేవు.

"కాకే ముట్టింది, నేను కండ్లార సూసిన" అని సుగుణ ప్రమాణం చేసింది.

"ఎహె, నల్ల కుక్క అక్కా. అగో, గోడ పక్కపొంటి పోతాంది" అన్నాడు హరికృష్ణ.

"కుక్కయితే బొక్క వదిలిపెడ్తదా? తలకాయ కూర అట్లనే ఉన్నది సూడు!"

"కొట్లాట తర్వాత వెట్టుకోండ్లి. స్టేషనుకు నడువుండ్లి" అని చిలుకమ్మ అప్పటికే నడక మొదలుపెట్టింది.

బయట కట్టయ్య ఆటో నిలబడి ఉంది. మహిపాల్ దాన్ని, కట్టయ్యను మార్చి మార్చి చూశాడు. "ఖరాబైందన్నవ్ గదా కాకా?"

"బాగైంది తియ్యి. ఎక్కు" అన్నాడు కట్టయ్య, మొహం అటు తిప్పుకొని.

స్టేషన్‌లో మొదట ఇది తమ పరిధి కాదన్నారు. చిలుకమ్మ బెంచీ మీద కూర్చుంది. ఆమె వెనుక సుగుణ, ఆమె వెనుక వీధి మొత్తం. బయట ఆటోలు వరసగా ఆగాయి. చివరికి ఒక ఇన్‌స్పెక్టరు మహిపాల్‌ను లోపలికి పిలిచి, చెప్పిందంతా రాయించుకొని, అక్కడి పోలీసులకు పంపుతానని మాట ఇచ్చాడు. మహిపాల్ మర్నాటి రైలెక్కాడు. ప్లాట్‌ఫారం మీద చిలుకమ్మ అతని చొక్కా గుండీ సరిచేసి, "భయమైతే నాకు కొట్టు. నాకు నిద్ర వట్టదు, ఎప్పుడైనా ఎత్తుత" అంది.

ఆ తర్వాత వారాలు ఆమెకు మగ్గం మీద కుదురు లేదు. ఫోన్ మోగితే నూలు తెగేది. మహిపాల్‌ను వేరే బ్యారక్‌కు మార్చారని ఒకసారి, విచారణ మళ్ళీ మొదలైందని ఒకసారి కబురు వచ్చింది. మధ్యలో చాలా రోజులు ఏ కబురూ లేదు. "నిలవడ్తడా పిలగాడు?" అని సుగుణ ఒకనాడు అడిగితే, "నిలవడ్తడు" అని చిలుకమ్మ ఎంత గట్టిగా అరిచిందంటే, పక్కింటివాళ్ళు ఏమైందోనని తొంగి చూశారు.

ఒక ఉదయం సుబేదార్ ఫోన్ చేశాడు.

"అమ్మా, హవల్దార్ని పోలీసులు అరెస్టు చేశారు. మహిపాల్ మాట మీద గట్టిగా నిలబడ్డాడు. అది చూసి ఆ ముసలి వంటాయన కూడా నోరు విప్పాడు. మీవాడిది పొరపాటు కాదమ్మా. హత్యేనని రాశారు. కేసు నడుస్తుంది."

చిలుకమ్మ మగ్గం గుంతలోంచి ఎట్లా బయటికి వచ్చిందో ఆమెకే తెలియదు. చెప్పుల్లేకుండా వీధిలోకి ఉరికింది. "సుగుణా! దీపా! ఓ హరికృష్ణా! ఆపుండ్లి మగ్గాలు! నా కొడుకు తప్పు లేదంట! రాండ్లి, సారు లైన్ల ఉన్నడు!" తలుపులు తెరుచుకున్నాయి. చేతికి రంగు అంటినవాళ్ళు, గడ్డానికి సబ్బు నురుగుతో ఉన్నవాళ్ళు, అందరూ ఆమె చుట్టూ చేరారు. ఆమె ఫోన్‌ను రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకుంది.

"ఇప్పుడు జెప్పు సారూ. జర గట్టిగ."

ఆయన మళ్ళీ చెప్పాడు. హత్య అన్న మాట దగ్గర వీధి మొత్తం ఒక్కసారిగా కదిలింది. తల్లి నడుము చుట్టుకొని దీప ఏడుస్తోంది. ఎవరో చప్పట్లు కొట్టబోయి, కొట్టవచ్చో లేదో తెలియక, చేతులు అట్లాగే కలిపి నిలబడ్డారు. ఆయన చెప్పడం ముగిసేసరికి మలుపులో హారను కొట్టుకుంటూ కట్టయ్య ఆటో కనిపించింది.

"సారూ, పెట్టెయ్యకు, పెట్టెయ్యకు!" అంది చిలుకమ్మ ఆయాసపడుతూ. "మా మరిది వస్తాండు. మొదటిసంది మళ్ళొక్కపారి జెప్పు."